కాడుగోడిలో చిన్న బ్రూవరీ: అడ్వాన్సు చేతికివ్వక ముందు

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కాడుగోడి మెట్రో స్టేషను నుండి నడిచి వెళ్లేంత దూరంలో, అపార్టుమెంట్ల నడుమ, రెండంతస్తుల భవనం ఒకటి అద్దెకు వస్తోంది. ఇద్దరు స్నేహితులతో కలిసి అక్కడ చిన్న మైక్రోబ్రూవరీ పెట్టాలని ఉంది. మేము కాచిన బీరును అక్కడే పోస్తూ, చుట్టుపక్కలవారు సాయంత్రం పూట వచ్చి కూర్చునే చోటుగా దాన్ని నడపాలని మా కోరిక. కొంతకాలంగా ఇంట్లోనే బీరు కాచి స్నేహితులకు ఇస్తున్నాను, అందరూ మెచ్చుకుంటున్నారు. భవన యజమాని పది నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతున్నారు. పన్నెండు రకాల బీర్లు ఉండాలని నా స్నేహితులు పట్టుబడుతున్నారు. పక్క అపార్టుమెంటు సంఘంవారు ఇప్పటికే అభ్యంతరం చెబుతున్నారు. మా మామగారైతే, సారా కొట్టు పెట్టే అల్లుడికా మా పిల్లనిచ్చింది అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఆ అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. మీ ఉత్తరంలో బీరు గురించి ఉంది, భవనం గురించి ఉంది, లైసెన్సు గురించి మాత్రం ఒక్క మాట లేదు. నా అంచనాలో ఈ వ్యాపారం బీరు రుచిగా లేకపోవడం వల్ల దెబ్బతినడం తక్కువ. లైసెన్సు, అద్దె, నీరు, పొరుగు అనే నాలుగూ మొదటి బ్యాచ్ పొయ్యి మీదికి ఎక్కకముందే ఖాయమైపోతాయి, ఆ తరువాత వాటిని సరిదిద్దడం దాదాపు అసాధ్యం. కాబట్టి మీకున్న ఓపికలో ఎక్కువ భాగాన్ని వాటి మీదే ఖర్చు పెట్టమంటాను.

కర్ణాటకలో మైక్రోబ్రూవరీ లైసెన్సు ఒంటరిగా రాదు. కూర్చోబెట్టి మద్యం పోసే హక్కునిచ్చే మరొక లైసెన్సు, అంటే బారుకు ఇచ్చే సీఎల్-9, గదులున్న హోటలుకు ఇచ్చే సీఎల్-7, క్లబ్బుకు ఇచ్చే సీఎల్-4 వంటిది, ముందుగా ఉంటేనే దానికి తోడుగా దీన్ని ఇస్తారు. 1990ల ఆరంభం నుండి కొత్త సీఎల్-9 లైసెన్సులు దాదాపు ఆగిపోవడంతో ఉన్నవే చేతులు మారుతూ వచ్చాయి, వాటి ధర పెరుగుతూ వచ్చింది. మీరు బీరు కాచే సామగ్రి కోసం తీసిపెట్టుకున్న డబ్బులో పెద్ద వాటా దీనికే పోవచ్చునని ముందే లెక్కలో వేసుకోండి. లైసెన్సు ఒకరి పేరున ఉంచి వ్యాపారం మరొకరు నడుపుకునే ఏర్పాటును కొందరు మధ్యవర్తులు మీ ముందు పెడతారు. అది చౌకగా కనిపిస్తుంది కాని, ఆ పేరున్న మనిషి మనసు మారిన రోజున మీ ట్యాంకులు, మీ బల్లలు, మీ సిబ్బంది అంతా అతని దయ మీద ఆధారపడవలసి వస్తుంది. అటువంటి కాగితం మీద సంతకం చేయకండి.

భవనం చుట్టూ ఒకసారి నడిచి చూడండి. గుడి, మసీదు, చర్చి, బడి, ఆసుపత్రి వంటివాటికి 100 మీటర్ల లోపు మద్యం అమ్మే చోటు ఉండకూడదని రాష్ట్ర నిబంధనలు చెబుతాయి. ఆ దూరాన్ని ఎక్కడి నుండి ఎక్కడికి కొలవాలో నిబంధనలో స్వయంగా చదివి, ఎక్సైజు కార్యాలయంలో నిర్ధారించుకోండి; బ్రోకరు మాట మీద వదిలేయకండి. ఆ స్థలాన్ని వాణిజ్యానికి వాడుకోవచ్చునా అన్నది కూడా అంతే ముఖ్యం. కర్ణాటకలో ఎక్సైజు సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. కనుక మీకు అనుమతి ఏ నెలలో చేతికొస్తే ఎంత కాలానికి రుసుము కడుతున్నట్టో అడిగి తెలుసుకోండి. వీటితోపాటు ఆహార భద్రతా లైసెన్సు, నగరపాలిక ట్రేడ్ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, అగ్నిమాపక అనుమతి కావాలి. చివరికి పాటలు వేయడానికి కూడా హక్కుదారులకు రుసుము కట్టాలి.

అన్నీ సవ్యంగా ఉన్నా నిబంధన మారవచ్చు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల 2017 జూలైలో ఎం.జి. రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు, ఇందిరానగర్‌ల వైపు ఎన్నో బార్లు మూతపడ్డాయి. నగర పరిధిలోని చోట్లకు ఆ ఆంక్ష వర్తించదని కోర్టు అదే నెలలో స్పష్టం చేసింది కాని, మూతపడిన రోజులకు కూడా అద్దె కట్టవలసి వచ్చినవారు కట్టారు. 2020 లాక్‌డౌనులో కూడా ఇలాగే జరిగింది. అక్కడే పోయడానికి తప్ప సీసాలో పట్టి పంపడానికి వీల్లేని బీరు ట్యాంకుల్లో నిలిచిపోయింది, ఇంటికి తీసుకుపోనిచ్చే తాత్కాలిక వెసులుబాటు తరువాతెప్పుడో వచ్చింది. కాబట్టి ఒక్క గ్లాసు కూడా అమ్మకుండా అద్దెను, జీతాలను కొన్ని నెలలు మోయగల డబ్బును పక్కన పెట్టలేకపోతే అసలు మొదలుపెట్టకండి. లైసెన్సు రాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలని, అద్దె లైసెన్సు చేతికొచ్చిన తేదీ నుండే లెక్కించాలని లీజులో రాయించండి. యజమాని దానికి ఒప్పుకోకపోతే మరో భవనం చూడండి. వైట్‌ఫీల్డు వైపు ఖాళీ భవనాలకు కొదవ లేదు.

మీ ఇంటి బీరు గురించి మొహమాటం లేకుండా ఒక మాట చెబుతాను. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడాన్ని 1965 నాటి కర్ణాటక ఎక్సైజు చట్టం నిషేధిస్తుంది. మీరు దాన్ని అమ్మడం లేదన్నది ఇక్కడ అడ్డుపడదు. రేపు అదే శాఖ ముందు దరఖాస్తుతో నిలబడవలసిన మనిషి ఇటువంటి పనిని కొనసాగించడం తెలివైన పని కాదు, ఆపేయండి. పైగా స్నేహితుల మెప్పును కొలమానంగా తీసుకోకండి, ఊరికే పోసిన గ్లాసుకు ఎవరూ వంక పెట్టరు. డబ్బు పెట్టి కొన్నవాడు మొదటిసారి తాగిన రుచే పదిహేనోసారి కూడా ఉండాలని ఆశిస్తాడు. ఆ నిలకడ తేగల అనుభవజ్ఞుడైన బ్రూవరును జీతమిచ్చి పెట్టుకోండి. 2010–11 ప్రాంతంలో ఇందిరానగర్, విఠల్ మల్య రోడ్డుల వైపు మైక్రోబ్రూవరీలు మొదలైనప్పటి నుండి ఈ నగరంలో ఆ పని నేర్చినవారు ఒక తరమే తయారయ్యారు. కొంతకాలం అతని చేతి కింద ట్యాంకులు కడగండి. ఈ వృత్తిలో సగానికి పైగా పని కడగడమే.

పన్నెండు రకాల మాటకు వద్దాం. ఒక బ్రూవరీ ఎంత బీరు ఇవ్వగలదన్నది కాచే పాత్ర కన్నా పులియబెట్టే ట్యాంకుల సంఖ్య మీద, ఒక్కో బ్యాచ్ ట్యాంకులో ఎన్ని రోజులు కూర్చుంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. 500 లీటర్ల ట్యాంకులు నాలుగు పెట్టారనుకుందాం. 18 నుండి 20 డిగ్రీల వేడిలో పులిసే ఏల్ రకం బీరు పులియడానికి, చల్లబడి తేరుకోవడానికి కలిపి సుమారు రెండు వారాలు పడుతుంది. అంటే ట్యాంకుకు నెలకు రెండు బ్యాచ్‌ల చొప్పున మొత్తం 4,000 లీటర్లు. అడుగున మిగిలే ఈస్టు మడ్డికి, పైపుల్లో పోయేదానికి పదో వంతు తీసేస్తే 3,600 లీటర్లు. 330 మిల్లీలీటర్ల గ్లాసులుగా చూస్తే రోజుకు సుమారు 360 గ్లాసులు. మనిషికి మూడు గ్లాసులనుకుంటే 120 మందికి సరిపోతుంది. మీరు చెప్పిన మాదిరి పేట బ్రూవరీకి ఇది చాలును. అయితే ఆ 120 మంది రోజూ సమానంగా రారు. సోమవారం ముప్పై మంది, శనివారం మూడు వందల మంది వస్తే శనివారానికి సరుకు చాలదు, సోమవారానికి మిగిలిపోతుంది. లాగర్ రకానికి వెళ్తే అది 10–12 డిగ్రీల దగ్గర నింపాదిగా పులిసి, ఆపైన వారాల తరబడి చల్లగా నిలవుండాలి గనుక, ఒక ట్యాంకును నెలకు పైగా కదలనివ్వదు. ఈ లెక్కలో పన్నెండు రకాలు ఎలా ఇముడుతాయో మీ స్నేహితులను కాగితం మీద వేసి చూపించమనండి. రకాలు పెరిగేకొద్దీ ప్రతి రకమూ ట్యాపు దగ్గర పాతబడుతుంది. గోధుమ బీరుకు ఉన్న వాసన, రుచి మొదటి కొద్ది వారాల్లోనే ఉంటాయి.

నన్నడిగితే ఐదు చాలు. బెంగళూరులో గోధుమ బీరుకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అందులో తగిలే అరటిపండు, లవంగం వాసనలు దాని ఈస్టు నుండే వస్తాయి, వాటికోసం విడిగా ఏమీ కలపనక్కరలేదు. రెండోది ఆల్కహాలు నాలుగు శాతం మించని తేలికపాటిది, ఉద్యోగం నుండి వచ్చి రెండు గ్లాసులు తాగి ఇంటికి నడిచిపోయేవారి కోసం. మూడోది హాప్స్ అనే పువ్వుల చేదు గలది, నాలుగోది స్టౌట్ అనే నల్లటి బీరు. ఐదో ట్యాపు కాలాన్నిబట్టి మారుతుండాలి. వేసవిలో చిత్తూరు మామిడో, శ్రీనివాసపుర మామిడో వాడవచ్చు, గుజ్జును పులియడం ఒక కొలిక్కి వచ్చాక చేర్చి, దానిలోని చక్కెర కూడా పులిసేదాకా ఆగాలి. రాగులు వాడాలని మీకు తోచే ఉంటుంది. తోచడం మంచిదే కాని, రాగుల పిండిపదార్థం బార్లీ కన్నా ఎక్కువ వేడి దగ్గర గాని ఉడకదు. బార్లీ మాల్టుకు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీకి, వాడే 65–67 డిగ్రీల నీటిలో నేరుగా వేస్తే దానిలోని పిండి చాలావరకు చక్కెరగా మారదు. దాన్ని విడిగా ఉడికించి కలపాలి. మరొక చిన్న సంగతి: సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పరదేశపు కొలతలను యథాతథంగా వాడితే హాప్స్ చేదు అనుకున్నంత దిగదు.

ఇక నీరు. కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైనా, మీ వైపు చాలా భవనాలు ఇప్పటికీ బోరు మీద, ట్యాంకరు మీద ఆధారపడుతున్నవే. పెద్ద కర్మాగారాలు లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్ల నీటితో సరిపెట్టుకోగలవు గాని, కడుగుడుకు ఎక్కువ నీరు పట్టే చిన్న బ్రూవరీకి ఏడెనిమిది లీటర్లు సులువుగా ఖర్చవుతాయి. నెలకు 4,000 లీటర్ల బీరు కాస్తే కాచడానికి, కడగడానికే సుమారు 32,000 లీటర్లు, అంటే 6,000 లీటర్ల ట్యాంకర్లు ఐదారు కావాలి. వంటగది, మరుగుదొడ్లు దీనికి అదనం. ఆ బోరు నీరు గట్టిదైతే మాల్టు నీళ్ల ఆమ్లగుణం తప్పి, బీరు నాలుకకు మొరటుగా తగులుతుంది. ఆర్‌ఓ యంత్రం పెడితే అది పారబోసే నీటిని కూడా లెక్కలో చేర్చుకోండి. ఆ నీటిని నేల కడగడానికి, మరుగుదొడ్లకు మళ్లించే పైపులు మొదట్లోనే వేయించండి. కాచిన రసాన్ని చల్లార్చేటప్పుడు వేడెక్కి బయటకు వచ్చే నీటిని తొట్టిలో పట్టి తరువాతి బ్యాచ్‌కు వాడుకోండి. 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన ఊరు ఇది. అటువంటి వేసవి మళ్లీ వస్తే పక్క అపార్టుమెంటు వాకిట్లో ట్యాంకరు లేక, మీ వాకిట్లో రెండు ట్యాంకర్లు నిలబడి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ అపార్టుమెంటు సంఘాన్ని మీరు అడ్డంకిగా చూస్తున్నట్టున్నారు. నేను అలా చూడను. రోజూ నడిచి రాగలిగిన దూరంలో ఉన్నది వాళ్లే. వారాంతంలో ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను ఈదుకుంటూ వచ్చేవారి మీద పేట బ్రూవరీ బతకదు. దరఖాస్తు పెట్టకముందే సంఘం సమావేశానికి వెళ్లడానికి అనుమతి అడగండి. వాళ్లు బీరు గురించి అడగరు, శబ్దం గురించి, బండ్లు నిలిపే చోటు గురించి, తాగి గేటు ముందు నిలబడేవారి గురించి అడుగుతారు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి, రాత్రి అంటే పది గంటల నుండి ఉదయం ఆరు వరకు. పాట ఆపడం సులువు. మీరు ఊహించనిది, రాత్రంతా ఆడే చల్లబరిచే యంత్రం. ట్యాంకులను చల్లగా ఉంచే ఆ కంప్రెసరును డాబా మీద వారి పడకగదుల ఎదుట పెడితే మీ సంగీతం లేకపోయినా వాళ్లకు నిద్ర ఉండదు. కరెంటు పోయినప్పుడు దాని కోసం నడవవలసిన జనరేటరు సంగతీ అంతే. వీటి స్థానం భవనం నక్షాలోనే నిర్ణయమైపోవాలి. ఖాళీ సీసాలు, చెత్త రాత్రి పూట ఎత్తవద్దు. మాల్టు ఉడికే వాసన కొందరికి ఇష్టం, కొందరికి కడుపులో తిప్పుతుంది. ఏ రోజుల్లో కాస్తారో ముందే చెప్పండి. కాల్చుకునేవారి కోసం కాలిబాట మీద కాక లోపలే వెనుక వైపు చోటు పెట్టండి.

100 లీటర్ల బీరుకు సుమారు 20 కిలోల తడి మాల్టు పిప్పి మిగులుతుంది. ఆ పిప్పి మన ఎండకు ఒక్క రోజులో పులిసి కంపు కొడుతుంది. హోసకోటె వైపు పాడి రైతులెవరితోనైనా మాట్లాడుకుని, కాచిన రోజునే తీసుకుపోయే ఏర్పాటు ఉంటే సంఘం ముందు మీరు చెప్పుకోగల మొదటి మంచి మాట అదే అవుతుంది. రెండో మంచి మాట మెట్రో. పర్పుల్ లైను కాడుగోడి దాకా రావడం వల్ల బండి లేకుండా వచ్చి పోవడానికి వీలుంది. దాన్ని బిల్లు మీదే, ఆఖరి రైలు వేళతో సహా రాయించండి. బండి నడిపేవారి రక్తంలో ఆల్కహాలు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ దగ్గర తాగిన మనిషి అలా పట్టుబడితే పేటలో మీ పేరే వినబడుతుంది. కుర్రవాళ్ల దగ్గర వయసు రుజువు అడగడానికి మొహమాటపడని మనిషిని గుమ్మం దగ్గర పెట్టండి, 21 ఏళ్లు నిండినవారికే పోయమని అతనికి చెప్పండి.

ఇంకొక సంగతి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. మన వాళ్లు బెంగళూరులో ఏది పెట్టినా అది మెల్లగా మన వాళ్లదే అయిపోతుంది. హైదరాబాదు జట్టు మ్యాచి రోజున, హీరో పుట్టినరోజున తెలుగు గొంతులే వినబడే చోటుకు పక్కవీధి కన్నడ కుటుంబం రెండోసారి రాదు. బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలన్నది ఎలాగూ చట్టమే. అంతకు మించి, గుమ్మం దగ్గర, బల్లల దగ్గర కన్నడం మాట్లాడే స్థానికులను పెట్టుకోండి, మీరూ నేర్చుకోండి. వంటగదిలో మాత్రం కోడి వేపుడు, మిరపకాయ బజ్జీ నిరభ్యంతరంగా ఉండవచ్చు. కాకపోతే బాగా కారంగా ఉన్న వేపుడుతో చేదు బీరు తాగితే మంట రెట్టింపవుతుంది, దాని పక్కన గోధుమ బీరునే సూచించమని సిబ్బందికి చెప్పండి.

డబ్బు లెక్కలో కొత్తవాళ్లు పట్టించుకోని ఒక చిక్కు ఉంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. మీరు ట్యాంకుల మీద, యంత్రాల మీద కట్టిన జీఎస్టీని బీరు అమ్మకం మీద తిరిగి రాబట్టుకునే దారి లేదు, అది నేరుగా ఖర్చే. కొటేషన్లను పన్నుతో కలిపిన ధర మీదే పోల్చి చూడండి. భవనం విషయంలో మరొకటి: నిండిన ట్యాంకు బరువు అర టన్ను పైమాటే, అదంతా నాలుగు కాళ్ల మీద పడుతుంది. ట్యాంకులు కింది అంతస్తులోనే ఉండాలి, కూర్చునే చోటు పైకి వెళ్లాలి. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడు గాలి కన్నా బరువైనది, గాలి ఆడని గదిలో నేల మట్టాన పేరుకుని మనిషిని క్షణాల్లో పడగొట్టగలదు. ఆ గదిలో వాయువును పసిగట్టే అలారము, కింది నుండి గాలిని లాగే ఫ్యాను లేకుండా మొదటి బ్యాచ్ వేయకండి. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే బల్లల మీద, దీపాల మీద తగ్గించుకోండి, దీని మీద వద్దు.

మీ మామగారి మాటకు వాదనతో జవాబు చెప్పకండి. అనంతపురం జిల్లాలో ఆయన తరంవారు సారా వల్ల కుటుంబాలు చితికిపోవడం కళ్లారా చూసినవారు. గోధుమ బీరుకూ సారాకూ తేడా వివరించబోతే ఆయన భయం మీకు అర్థం కాలేదనే అనుకుంటారు. ఆయన అడగకుండా అడుగుతున్నది, అల్లుడు రోజూ రాత్రి ఏ స్థితిలో ఇంటికి వస్తాడని. అది న్యాయమైన ప్రశ్న. రుచి చూడడం వృత్తిలో భాగమైన చోట, వచ్చిన ప్రతి స్నేహితుడూ ఒక గ్లాసు పట్టుకుని మీ ఎదుట కూర్చునే చోట, యజమాని తాగుడు తెలియకుండానే పెరుగుతుంది. రుచి చూసే పని పగలు బ్రూవరుతో కలిసి చిన్న గుక్కలతో ముగించి, తలుపులు తెరిచాక తాగనని మీ భార్యకు మాట ఇవ్వండి. ఆవిడ వైపు నుండి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేకపోవడం నాకు కొంచెం ఆశ్చర్యంగానే ఉంది. పొదుపు సొమ్ములో ఆవిడ కష్టార్జితం కూడా ఉంటే, పైన చెప్పిన లెక్కలన్నీ మామగారి కన్నా ముందు ఆవిడతో కూర్చుని వేయవలసినవి.

మీ ముగ్గురిలో రాత్రి దుకాణం మూసేదాకా ఎవరుంటారు, ఉద్యోగం ఎవరు మానేస్తారు, మానేసినవారికి జీతం ఎంత, మధ్యలో ఒకరు తప్పుకుంటే లైసెన్సు ఎవరి పేరున మిగులుతుంది అన్నవి ఒప్పందంలో రాసుకోండి. ముగ్గురూ ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాలు మాత్రం వచ్చి నడపాలనే ఆలోచన అయితే, ఆ భవనాన్ని వేరెవరికైనా వదిలేయమనే నా సలహా. ఒకరైనా పూర్తికాలం ఉండేటట్టయితే ఈ వారంలో రెండు పనులు చేయండి. ఎక్సైజు వ్యవహారాలు తెలిసిన వకీలుతో ఆ చిరునామాకు అర్హత ఉందో లేదో చూపించుకోండి, బోరు నీటిని ప్రయోగశాలకు పంపండి. ఆ రెండు కాగితాలూ వచ్చాకనే అడ్వాన్సు గురించి యజమానితో మాట్లాడండి.